షీటూ పైపూ ఒకే లేజర్ మిషన్ మీదా, దేనిది దానికేనా? (ఆటోనగర్ షెడ్డు కోసం)

1. రేకులషెడ్డు

అందరికీ నమస్కారం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో షెడ్డు. లోపలి కొలత 60 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. రేకూ పైపూ కోసే ఫైబర్ లేజర్ మిషన్ పెట్టాలని చూస్తున్నాం. చేసే పనులు ఇవి: కాలేజీ హాస్టళ్ల రెండంతస్తుల మంచాలు (25×25×1.6, 40×40×2 చదరపు పైపు, కాళ్ల కింద 4 ఎం.ఎం. బేస్ ప్లేట్లు), హోటల్ కిచెన్ టేబుళ్లు (ఎస్సెస్ 304 స్టెయిన్‌లెస్ స్టీలు, 1.2 ఎం.ఎం.), ట్రాక్టర్ ట్రక్కులకి 5, 6, 8 ఎం.ఎం. గస్సెట్లు (మూలల్లో బలానికి వెల్డు చేసే ప్లేట్లు).

షీటు కటింగ్ రోజుకి 5 గంటల పని ఉంటుంది. పైపులు మామూలు రోజుల్లో 15, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మంచాల సీజన్‌లో రోజుకి 60. 3 కిలోవాట్ల కాంబో (3015, అంటే 3×1.5 మీటర్ల షీటు బెడ్డు, పక్కనే 6 మీటర్ల పైపుని పట్టి తిప్పే చక్) చాలని ఒక సప్లయర్ అంటున్నారు. ఇంకొకరు షీటుకి ఒకటి, పైపుకి ఒకటి అంటున్నారు. ఏ లెక్కన తేల్చుకోవాలి?

2. నాజిల్_ఒకటిన్నర

కాంబోలో బెడ్డు, చక్ రెండు కనిపిస్తాయి కానీ హెడ్డు (కోసే తల) ఒకటే, సోర్సు (లేజర్ పుట్టే పెట్టె) ఒకటే. షీటు కోస్తుంటే పైపు ఆగాలి, పైపు కోస్తుంటే షీటు ఆగాలి. అందుకని మిషన్ రేటు పక్కన పెట్టి ముందు హెడ్డు గంటలు లెక్కేయండి.

కాంబోలో పైపు చేత్తో ఎక్కించాలి. ఎత్తి, చక్‌లో దూర్చి, బిగించి, సెంటర్ పట్టించేసరికి 2 నిమిషాలు. చిల్లులు, కోతలు కలిపి ఒక పైపుకి 3 నిమిషాలు వేసుకుందాం. 60 పైపులకి 300 నిమిషాలు, అంటే 5 గంటలు. షీటు 5 గంటలు కలిపితే 10. ఇంకా అటూ ఇటూ మారడం ఉంది: నాజిల్ (హెడ్డు కొనకి ఉండే చిల్లు ముక్క) మార్చాలి, అందులోంచి ఊదే గ్యాస్ మార్చాలి, ఫోకస్ చూడాలి, హైట్ సెన్సార్ క్యాలిబ్రేషన్ చెయ్యాలి, ఒక ముక్క ట్రయల్ కొయ్యాలి. మారిన ప్రతిసారీ 10–15 నిమిషాలు. రోజుకి నాలుగుసార్లు మారితే గంట పోయినట్టే. సీజన్‌లో 11 గంటలు, అది కూడా ఏదీ చెడకుండా నడిస్తే.

మామూలు రోజుల్లో మాత్రం 15 పైపులకి గంటంపావు. అప్పుడు కాంబో హాయిగా సరిపోతుంది. అంటే మీ సమస్య మిషన్ రకం కాదు, ఆ మూడు నెలలు.

3. తుక్కుతూకం

గంటలతో పాటు తుక్కు లెక్క కూడా వెయ్యాలి. రెండు చక్‌ల మిషన్‌లో ఆఖరి ముక్క వెనక చక్ పట్టులోనే ఉండిపోతుంది. ఆ చక్‌కీ హెడ్డుకీ మధ్య దూరం ఎంతో అంత టెయిలింగ్. చాలా కాంబోల్లో ఇది 200–300 ఎం.ఎం. ఉంటుంది. 250 వేసుకుంటే 6 మీటర్ల పైపులో 4 శాతం పైనే. 40×40×2 మీటరు 2.34 కిలోలు, పైపు 14 కిలోలు. రోజుకి 60 పైపులంటే 840 కిలోలు, అందులో 35 కిలోలు తుక్కు.

అయితే శాతం చూసి కంగారు పడకండి, మీ ముక్కల కొలతలు రాసుకుని చూడండి. మంచం పొడుగు బద్ద 6 అడుగుల 3 అంగుళాలు, అంటే 1905 ఎం.ఎం. మూడు ముక్కలకి 5715. ఎలాగూ 285 మిగులుతుంది కాబట్టి 250 టెయిలింగ్ వల్ల మీకు పోయేదేమీ లేదు. అడ్డబద్ద 3 అడుగులు, 915. ఆరు ముక్కలకి 5490, ఇక్కడా నష్టం లేదు. కాళ్ల దగ్గరే దెబ్బ తగులుతుంది. కాలు 5 అడుగుల 6 అంగుళాలు, 1676. మూడు కాళ్లకి 5028 పోగా 972 మిగులుతుంది. అందులోంచి 915 అడ్డబద్ద ఒకటి తీయొచ్చు అనిపిస్తుంది, కానీ టెయిలింగ్ 250 పోతే చేతికొచ్చేది 722. అడ్డబద్ద రాదు. మూడు చక్‌లతో సున్నా టెయిలింగ్ ఇచ్చే ట్యూబ్ మిషన్‌లో అది వస్తుంది. 50 ఎం.ఎం. వదిలే మిషన్‌లో కూడా రాదు, ఎందుకంటే పైపు మొదట్లో వంకర అంచు 10 ఎం.ఎం. తీసేస్తాం, అప్పుడు మొత్తం 6003 అవుతుంది!

ఇలా ఒక కాగితం మీద అన్ని ముక్కలూ వేసుకుంటే మూడో చక్‌కి పెట్టే డబ్బు తిరిగొస్తుందో లేదో తెలిసిపోతుంది.

4. పట్నంబజారు_గుంటూరు

కాంబోని మరీ తీసిపారేయకండి. ఎక్స్ఛేంజ్ టేబుల్ (ఒకటి లోపల, ఒకటి బయట ఉండి మారే రెండు టేబుళ్లు) ఉన్న కాంబో అయితే, హెడ్డు పైపు మీద ఉన్నంతసేపూ బయట టేబుల్ మీద కోసిన ముక్కలు ఏరుకుని కొత్త షీటు పరుచుకోవచ్చు. 3×1.5 మీటర్ల 6 ఎం.ఎం. షీటు 212 కిలోలు. హాయిస్టుతో దించి, సర్ది, ముక్కలు ఏరడానికి కనీసం 10 నిమిషాలు. ఆ టైమ్ పైపుకి వాడుకుంటే కాంబో లెక్క మారిపోతుంది. పైగా ఒకే ఆపరేటర్, ఒకే చిల్లర్ (నీళ్లతో మిషన్‌ని చల్లబరిచేది), ఒకే స్టెబిలైజర్.

ఒక మెలిక ఉంది. కొన్ని మిషన్లలో సేఫ్టీ ఇంటర్‌లాక్ వల్ల పైపు కోస్తున్నప్పుడు టేబుల్ కదలదు. కొటేషన్‌లో రాసి ఇమ్మనండి. ఎక్స్ఛేంజ్ టేబుల్ లేని కాంబోని మాత్రం చూడొద్దు. 1.2 ఎస్సెస్ షీటు కోత 7–8 నిమిషాల్లో అయిపోతుంది, దించడానికి 10 నిమిషాలు. సగం రోజు హెడ్డు ఖాళీగా నిలబడుతుంది.

5. నాజిల్_ఒకటిన్నర

ఎక్స్ఛేంజ్ టేబుల్ మాట ఒప్పుకుంటాను. ఒకే ఆపరేటర్ అన్నదే ఒప్పుకోను. పైపు ఎక్కించేవాడూ, షీటు దించేవాడూ ఒకడే అయితే మీరన్న ఆ టైమ్ మిగలదు. హెల్పర్ లేకుండా ఈ లెక్క కుదరదండి.

ఇంకోటి, సోర్సు. 1.6, 2 ఎం.ఎం. పైపుకి 1.5 కిలోవాట్లు ధారాళం. 3 కిలోవాట్ల పవర్ తగ్గించకుండా కోస్తే ఎదురు గోడ లోపల కరిగిన చుక్కలు గట్టిగా అంటుకుంటాయి. పైపులో పైపు దూరే జాయింట్లు ఉంటే అక్కడే ఇరుక్కుంటాయి.

6. సీమ్‌గీత

పైపు కోత అంటే షీటుని గుండ్రంగా చుట్టి కోసినట్టు కాదు. నాలుగు చోట్ల తేడా వస్తుంది.

పైపు వంపు: ఈఆర్‌డబ్ల్యూ (రేకుని వంచి అంచులు వెల్డు చేసిన) చదరపు పైపు ఐఎస్ 4923 ప్రమాణం ముద్రతో వచ్చినా 6 మీటర్లలో కొంత వంపూ మెలీ ఉంటాయి. ట్యూబ్ మిషన్‌లో పైపు తిరుగుతున్నప్పుడు సపోర్టులు దాని ఎత్తుకి తగ్గట్టు కిందికీ పైకీ కదులుతాయి. చౌక కాంబోల్లో సపోర్టు రోలర్లు చేత్తో బిగించేవి. 25×25 పైపు మధ్యలో ఊగి, చిల్లు 1 ఎం.ఎం. పక్కకి పోతుంది. మంచం బిగించేటప్పుడు బోల్టు దూరక మళ్లీ డ్రిల్లు పట్టుకోవాల్సి వస్తుంది.

అతుకు: పైపు పొడవునా వెల్డు గీత ఉంటుంది. లోపలి వైపు ఆ బొడిపె మీద పియర్సింగ్ (లేజర్ మొదటి పోటు) పడితే చిల్లు అంచు చెదిరిపోతుంది. ప్రతి పైపుకీ అతుకు ఒకే వైపు, చిల్లులు లేని ముఖానికి వచ్చేలా ఎక్కించాలి. సీమ్ డిటెక్షన్ కెమెరా ఉన్న మిషన్ తనే చూసుకుంటుంది. లేకపోతే చాక్‌పీసుతో గీత గీసుకుని ఎక్కించాలి.

మూల: చదరపు పైపు మూల తిరిగేటప్పుడు హెడ్డు పైకి లేచి దిగాలి, స్పీడ్ పడిపోతుంది. స్పీడ్‌కి తగ్గట్టు పవర్ కూడా తగ్గకపోతే మూల మాడిపోతుంది. పవర్–స్పీడ్ కర్వ్ సెట్ చేశారో లేదో ఇన్‌స్టాలేషన్ రోజే చూడండి.

యాంగిల్: మంచం మూలలకి 35×35×5 యాంగిల్ కూడా కోస్తారా? చక్ మామూలు దవడలు దాన్ని సరిగ్గా పట్టవు. దానికి వేరే దవడలు కావాలి, సాఫ్ట్‌వేర్‌లో ఆ సెక్షన్ ఉండాలి. కాంబోల్లో ఇది చాలాసార్లు ‘ఆప్షనల్’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

7. రేకులషెడ్డు

యాంగిల్ కొద్దిగానే, పంచింగ్ మిషన్ ఉంది కాబట్టి దాని మీద చేసుకుంటాం. ఇంకో రెండు ప్రశ్నలు. షీటు వైపు 3 కిలోవాట్లు చాలా, 6కి వెళ్లాలా? కోతకి ఊదే నైట్రోజన్ ఖర్చు ఎంతవుతుంది?

8. నాజిల్_ఒకటిన్నర

మీ మందాలకి 3 చాలు. 6 ఎం.ఎం. ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు) ఆక్సిజన్‌తో 3 కిలోవాట్ల మీద నిమిషానికి రెండున్నర మీటర్ల పైన పోతుంది. ఆక్సిజన్ కోతలో సగం పని ఇనుము మండటం వల్లే జరుగుతుంది. పవర్ రెట్టింపు చేసినా 8 ఎం.ఎం. లోపు స్పీడ్ రెట్టింపు కాదు. కంప్రెసర్ గాలితో 6 ఎం.ఎం. కొయ్యాలనుకుంటేనే 6 కిలోవాట్లకి అర్థం ఉంది.

నైట్రోజన్ లెక్క నాజిల్ చిల్లు మీద ఉంటుంది. 1.5 ఎం.ఎం. నాజిల్, 12 బార్ అయితే గంటకి సుమారు 15 క్యూబిక్ మీటర్లు. 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ అరగంట కూడా రాదు, పైగా ప్రెజర్ 12 బార్ కంటే కిందికి దిగాక మిగిలిన గ్యాస్ కోతకి పనికిరాదు. నాజిల్ 2.0కి మారిస్తే చిల్లు వైశాల్యం 1.78 రెట్లు, గ్యాస్ కూడా అంతే పెరుగుతుంది. ఆపరేటర్ 1.2 రేకుకి అలవాటుగా 2.0 నాజిల్ పెట్టేస్తే నెలాఖరు బిల్లులో తెలుస్తుంది.

పైకి కనిపించే ఎస్సెస్ ముఖాలకి నైట్రోజన్ వాడండి. లోపలి బ్రాకెట్లకీ, 1.6–2 ఎం.ఎం. పైపుకీ గాలి చాలు. 16 బార్ స్క్రూ కంప్రెసర్ 20 హెచ్‌పీ, డ్రయ్యర్, మూడు దశల ఫిల్టర్లు ఉండాలి. గాలితో కోసిన ఎస్సెస్ అంచు పసుపు నలుపుగా వస్తుంది, టిగ్ వెల్డింగ్‌కి ముందు రుద్దాలి.

ఒకటి మర్చిపోవద్దు. ఆక్సిజన్‌తో కోసిన ఎమ్మెస్ అంచుకి నల్లటి ఆక్సైడ్ పొర ఉంటుంది. దాని మీద పౌడర్ కోటింగ్ వేస్తే కొన్నాళ్లకి అంచు దగ్గర పెచ్చులు ఊడుతుంది. బేస్ ప్లేట్ల అంచులు గ్రైండింగ్ చేయించండి, లేదా 4 ఎం.ఎం. గాలితోనే కొయ్యండి.

9. చిల్లర్_కాపలా

మిషన్ ఏదైనా విజయవాడలో దాన్ని తినేసేది తేమ. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న సాయంత్రం డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) 28 డిగ్రీలు. చిల్లర్‌లో సోర్సు నీళ్లు 25కి పెడితే సోర్సు లోపల చెమట పడుతుంది. చల్లని సోడా సీసా బయట పెడితే నీళ్లు కారినట్టే, కాకపోతే ఇక్కడ కారేది డయోడ్ల మీద. చాలా వారంటీల్లో కండెన్సేషన్ డ్యామేజీ కవర్ కాదు.

ఏసీ ఉన్న సోర్సు క్యాబినెట్ తీసుకోండి, తలుపు రబ్బరు చెక్కు చెదరకుండా చూసుకోండి. పొద్దున్న ముందు ఏసీ వేసి అరగంట ఆగాలి, తర్వాత చిల్లర్, ఆ తర్వాతే లేజర్. రాత్రి ఏసీ కట్టేసి చిల్లర్ వదిలేస్తే అంతకంటే పెద్ద తప్పు లేదు. వర్షాకాలంలో నీటి ఉష్ణోగ్రత సోర్సు మాన్యువల్ ఒప్పుకున్నంత వరకూ పెంచుకోండి. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే పోసి నెలకోసారి మార్చండి.

కంప్రెసర్ గాలిలో తడి వచ్చినా అంతే. ప్రొటెక్టివ్ లెన్స్ మీద మసక కమ్ముతుంది, అది వేడెక్కి పగులుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటితే రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ కెపాసిటీ పడిపోతుంది, అందుకే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. దాన్ని కంప్రెసర్ వేడిగాలి కొట్టే మూలలో పెట్టొద్దు.

రెండు మిషన్లయితే ఇవన్నీ రెండు సెట్లు. అదీ లెక్కలో వేసుకోండి. కరెంటు కూడా: 3 కిలోవాట్ల సోర్సు తీసుకునేది 9–10 కిలోవాట్లు, చిల్లర్ 4–5, సర్వోలూ ఎగ్జాస్టూ 7, కంప్రెసర్ 15. మొత్తం 35–37. పైపు మిషన్ విడిగా పెడితే ఇంకో 15 పైన. కరెంటు కంపెనీ సీపీడీసీఎల్‌లో లోడ్ పెంచే దరఖాస్తు మిషన్ ఆర్డర్ కంటే ముందే పెట్టండి.

10. పట్నంబజారు_గుంటూరు

బాగా చెప్పారు బాబాయ్. దానికి తోడు 2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తుండే ఉంటుంది. చిల్లర్, స్టెబిలైజర్, సోర్సు క్యాబినెట్ మూడూ నేల నుంచి రెండడుగుల దిమ్మ మీద పెట్టుకోవాలి.

11. నల్లరేగడి

నేల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. కృష్ణా, గుంటూరు డెల్టా నల్లరేగడి వానకి ఉబ్బి, ఎండకి బీటలిస్తుంది. షీటు మిషన్ ఒకే ఫ్రేము కాబట్టి మొత్తం వంగినా లెవెల్ చేసుకోవచ్చు. కాంబోలో అలా కాదు. పైపు రోటరీ (చక్ ఉండి పైపుని తిప్పే భాగం) వేరే దిమ్మ మీద, బెడ్డు వేరే ఫ్రేము మీద ఉంటాయి. నేల ఒకవైపు 2 ఎం.ఎం. కుంగితే చక్ అక్షం గ్యాంట్రీకి (హెడ్డుని మోసే దూలానికి) సమాంతరం తప్పుతుంది. పైపు మొదట్లో చిల్లు నడిమధ్యన పడి, చివర్లో పక్కకి పోతుంది. ఆపరేటర్ రోజూ సెంటర్ సరిచేస్తూ కూర్చుంటాడు, అసలు రోగం నేలలో ఉందని తెలియదు.

నల్లమట్టి తీసి, మొరం పోసి రోలర్‌తో దిమ్మిస కొట్టి, పైన 200–250 ఎం.ఎం. ఆర్‌సీసీ రెండు వరసల మెష్‌తో వేయండి. బెడ్డుకీ రోటరీకీ మధ్య జాయింట్ వదలొద్దు, ఒకే స్లాబ్ ఉండాలి. 28 రోజులు క్యూరింగ్ అయ్యాకే యాంకర్లు బిగించండి.

12. తుక్కుతూకం

ఇంకో ప్రశ్న ఎవరూ అడగలేదు. రేకులషెడ్డు గారూ, మీ మంచాల పైపులో నిజంగా లేజర్ కావాల్సిన ముక్కలెన్ని? పొడుగు బద్దలు రెండు వైపులా తిన్నని కోతే కదా. దానికి సెమీ ఆటోమేటిక్ పైపు కటింగ్ మిషన్ (రంపం) చాలు. నాలుగు పైపులు కట్టగా పెట్టి ఒక్క దెబ్బకి కోస్తుంది. రంపం మందం కోతకి 2–3 ఎం.ఎం. పోతుందంతే. బోల్టు చిల్లులు, పైపుకి పైపు ఆనేలా కోసే చేప నోరు కోతలు, 45 డిగ్రీల మడత కోతలు ఉన్నవే లేజర్‌కి పంపాలి.

13. రేకులషెడ్డు

అడగాల్సిన ప్రశ్నే. ముక్కలన్నీ విడదీసి చూశాను. 60 పైపుల్లో 38 తిన్నని కోతలే. లేజర్‌కి పోవాల్సినవి 22.

14. నాజిల్_ఒకటిన్నర

అయితే కథ మారింది. 22 పైపులకి చేత్తో ఎక్కించినా 110 నిమిషాలు. షీటు 5 గంటలు, మార్పిడులు ఒక అరగంట, మొత్తం ఏడున్నర లోపే. ఒక షిఫ్టులో పడుతుంది.

ఇప్పుడు మీ ముందు రెండు దారులు. ఒకటి, ఎక్స్ఛేంజ్ టేబుల్ ఉన్న కాంబో, పక్కన రంపం. రెండు, షీటు మిషన్ మాత్రమే కొని, రంపం పెట్టి, ఆ 22 పైపులూ సీజన్‌లో జాబ్‌వర్క్‌కి (బయట డబ్బిచ్చి కోయించడానికి) ఇవ్వడం. ట్యూబ్ మిషన్ విడిగా కొనే దారి మాత్రం ప్రస్తుతానికి మూసేయండి. తొమ్మిది నెలలు రోజుకి గంట కూడా నడవదు. ఈఎంఐకి సీజన్ ఉండదు.

15. సీమ్‌గీత

కాంబో వైపు మొగ్గితే డెమోకి మీ పైపు తీసుకెళ్లండి. వాళ్లు పెట్టే మెరిసే తిన్నని పైపు వద్దు. కట్టలో అడుగున ఉన్న వంకరది తీసుకెళ్లండి. మూడు పరీక్షలు చేయించండి.

పైపు మొదట్లో, మధ్యలో, చివర్లో ఎదురెదురు ముఖాలకి 10.3 ఎం.ఎం. చిల్లులు కోయించి 10 ఎం.ఎం. రాడ్డు దూర్చండి. మూడుచోట్లా నిటారుగా, సులువుగా దూరాలి. తర్వాత 40×40 పైపులో రెండు చివర్లా 45 డిగ్రీల కోత ఉన్న ముక్కలు నాలుగు కోయించి ఫ్రేము కూర్చండి, మూలల్లో వెలుతురు కనపడకూడదు. ఆఖర్న ఒకే కొలత ముక్కలు పైపంతా కోయించి మొదటిదీ చివరిదీ వెర్నియర్‌తో పోల్చండి. టెయిలింగ్ ఎంత మిగిలిందో టేపుతో మీరే కొలవండి, బ్రోచర్ అంకె నమ్మొద్దు.

ఇంకోటి, కాంబోలో షీటు వైపు క్యాబిన్ ఉన్నా పైపు వైపు తెరిచే ఉంటుంది. ఈ కాంతి 1080 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, కంటికి కనపడదు, చెదిరిన కిరణం కూడా రెటీనాని కాలుస్తుంది. వెల్డింగ్ అద్దం దీనికి పనికిరాదు. ఆ తరంగదైర్ఘ్యానికి ఓడీ (కాంతిని ఆపే శక్తి) 6 పైన రాసి ఉన్న కళ్లజోళ్లు ఆపరేటర్‌కీ, హెల్పర్‌కీ ఇద్దరికీ కావాలి.

16. రేకులషెడ్డు

జాబ్‌వర్క్ దారి పట్టాలనుకుంటున్నాను. 3 కిలోవాట్ల షీటు మిషన్, ఎక్స్ఛేంజ్ టేబుల్, ఒక రంపం. పైపు పని పెరిగితే రెండేళ్ల తర్వాత అదే మిషన్‌కి పక్కన రోటరీ బిగించుకోవచ్చు అని సప్లయర్ అంటున్నాడు.

17. నాజిల్_ఒకటిన్నర

ఆ మాట నమ్మి కొనకండి. తర్వాత రోటరీ పెట్టాలంటే గ్యాంట్రీ బెడ్డు దాటి పక్కకి వచ్చేలా పట్టాలు ముందే పొడుగ్గా ఉండాలి, కంట్రోలర్‌లో అదనపు యాక్సిస్‌లు ఉండాలి, ట్యూబ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉండాలి. మామూలు షీటు మిషన్‌లో ఇవేవీ ఉండవు. ‘రోటరీకి సిద్ధం’ అని కొటేషన్‌లో రాసి, ఆ మూడూ పేరుపేరునా చూపిస్తేనే లెక్క.

దానికంటే స్థలం వదలడం మేలు. షీటు మిషన్‌ని దక్షిణం గోడకి జరిపి పెట్టండి. ఉత్తరం గోడ వెంట 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఖాళీ ఉంచండి. 6 మీటర్ల ట్యూబ్ మిషన్, ముందు ముక్కలు పడే చోటు, వెనక పైపు కట్ట దించే చోటు అందులో పడతాయి. మీ షెడ్డు 18 మీటర్ల పైనే కాబట్టి ఇబ్బంది లేదు.

18. నల్లరేగడి

ఆ 12 మీటర్లకి కూడా ఇప్పుడే ఆర్‌సీసీ వేసేయండి. మిషన్ నడుస్తున్న షెడ్డులో తర్వాత నేల తవ్వితే ఆ దుమ్మంతా లెన్సుల మీదకే.

19. రేకులషెడ్డు

సరే అండి. వచ్చే వారం మట్టి తీయిస్తున్నాం, రెండు దిమ్మలకీ కలిపి ఒకే స్లాబ్. లోడ్ దరఖాస్తు 50 కిలోవాట్లకే పెడుతున్నాను.